రీలుకు పన్నెండు బొమ్మలు

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా మనవరాలు, దాని కాలేజీ స్నేహితులు పాపికొండలు చూడబోతూ "తాతా, నువ్వూ రావాల్సిందే" అని నన్ను కారెక్కించారు. పోచవరం రేవులో బోటెక్కాం. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించారు, పేర్లు రాసుకున్నారు. ఆ రెండూ నాకు నచ్చాయి. తర్వాత నచ్చింది ఒక్కటీ లేదు. బోటు కదిలీ కదలకముందే పాటల పెట్టె మొదలైంది. దాని మోతలో ఇంజను చప్పుడే వినపడలేదు, ఇక నది చప్పుడేం వింటాం. చాలాసేపు పోయాక అసలు చోటు వచ్చింది. అంత వెడల్పున పారే గోదారి ఒళ్ళు దగ్గరకు తీసుకుని రెండు కొండల నడుమ సందులోకి దూరే చోటు. తలలో పాపిట తీసినట్టుంటుందనే ఆ కొండలకు ఆ పేరు వచ్చిందంటారు. ఆ మలుపు తిరగ్గానే బోటులో జనమంతా ఒక్కసారి లేచారు. లేచి, కొండకు వీపు పెట్టారు.

నా కళ్ళతో చూశాను. చెయ్యి ముందుకు చాపి, ఫోను పైకెత్తి, మెడ పక్కకు వంచి, నవ్వు తెచ్చుకుని అందరూ అటే తిరిగారు. ఫోనులో మొహం బాగా పడిందో లేదో చూసుకున్నారు. బాగా పడలేదని మళ్ళీ తీశారు. ఈలోపు మలుపు దాటిపోయింది. అంత దూరం వచ్చి, అంత డబ్బు పెట్టి, ఆ కొండను ఫోను అద్దంలో తమ భుజం వెనక చారెడు ముక్కగా చూసి పోయారు. నాకు కడుపు మండింది. ఇంటికొచ్చాక కూడా ఆ మంట చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా కొత్తగూడెం వాళ్ళకు సముద్రం దూరం, కొండలూ నదీ దగ్గర. మా ఊరి రైలు స్టేషన్ పేరే భద్రాచలం రోడ్. అక్కడ దిగితే రాముడి దగ్గరికి ఇంకా నలభై కిలోమీటర్లు. 1965లో భద్రాచలం దగ్గర వారధి కట్టక ముందు గోదారిని పడవ మీదే దాటేవాళ్ళు. మా నాయిన అట్లా దాటినవాడే. పడవలో కూర్చుని గుడి గోపురం వైపు చూస్తూ చేతులు జోడించడమే తప్ప మాట్లాడేవాళ్ళు కాదట. నేను 1972లో వెంకటేశ్ ఖనిలో చేరాను. తట్టా చెమ్మస్ పట్టి, తర్వాత పరీక్ష పాసై మైనింగ్ సర్దార్‌నయి, 2011లో దిగిపోయాను. బొగ్గుబాయిలో ముప్పై తొమ్మిదేళ్ళు చేసినవాడికి కొండ అంచు మీద మాట్లాడే హక్కు ఎక్కడిదని ఎవరైనా అడుగుతారేమో. ఆ హక్కు బాయే ఇచ్చింది.

షిఫ్టు దిగగానే సర్దార్ చేసే మొదటి పని ఒకటుంది. కర్ర ఎత్తి పైకప్పు రాయిని కొట్టి వినాలి. గట్టి రాయి ఖంగున మోగుతుంది. లోపల పొర విడిపోయిన రాయి డొల్లగా, కుండ పగిలిన చప్పుడు చేస్తుంది. అనుమానమొస్తే ఒక అరచెయ్యి రాయికి ఆనించి, ఇంకో చేత్తో కొట్టాలి. విడిపోయిన పొర అయితే చేతి కింద సన్నగా వణుకుతుంది. ఆ వణుకు చెవికంటే చేతికి ముందు తెలుస్తుంది. అది తెలిశాకే మనుషుల్ని లోపలికి పంపాలి. టోపీ లైటు వెలుగులో నేను అట్లా వేలసార్లు విన్నాను. ఓపెన్ కాస్టులో సంగతి ఇంకోరకం. అక్కడ మెట్లు మెట్లుగా కోసిన గోడ మీద నిలబడే ముందు కాళ్ళ కింద నేల చూడాలి. అంచుకు వరసగా వెంట్రుకంత బీట ఒకటి పోతుంటే ఆ బీటకు అవతల ఉన్నదంతా ఇవాళో రేపో కిందికి జారేదే. బీట మీద కొత్త మన్ను కనపడకపోతే, అంచులు పదునుగా ఉంటే, అది నిన్నటిదే. ఇదంతా మాకు పెద్దవాళ్ళు నేర్పారు. రాయి దగ్గరికి పోయేటప్పుడు ముందు దాన్ని పలకరించాలని నేర్పారు.

అందుకే మా రోజుల్లో మేం విహారానికి పోయినా ఆ చూపుతోనే పోయేవాళ్ళం.

1973లో బాపు 'అందాల రాముడు' వచ్చింది. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీలో ప్రయాణం, అక్కినేని, గోదారి గట్లు. ఆ సినిమా చూశాక మా బ్యారక్‌లో కుర్రాళ్ళందరికీ లాంచీ పిచ్చి పట్టింది. అప్పటికి పాపికొండలు టూరిస్టు స్థలం కాదు. గట్టున ఉన్న ఊళ్ళకు లాంచీయే బస్సు. నీళ్ళున్న నెలల్లో భద్రాచలం వైపు నుంచి రాజమండ్రి దాకా నడిచేది. చింతపండు బస్తాలు, అరటి గెలలు, కోళ్ళ గంపలు, పెళ్ళివాళ్ళు, ఆస్పత్రికి పోయే రోగులు అందరూ అందులోనే. 1978 డిసెంబరులో నేనూ, నా ఇద్దరు స్నేహితులూ, కొత్తగా పెళ్ళయిన మా ఆవిడా ఎక్కాం. ఆఫీసులో పనిచేసే ఒక అన్న దగ్గర అడిగి అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా తెచ్చుకున్నాను. ఊటీలో తయారైన ఇందు ఫిల్ము ఒక్కటి కొన్నాం. ఒక్కటే కొనగలిగాం.

రీలుకు పన్నెండు బొమ్మలు. ఇప్పటి పిల్లలకు రీలంటే వేరే అర్థం, కానీ మాకు రీలంటే నల్లటి చుట్ట, లోపల పన్నెండు గళ్ళు. కెమెరా వెనక చిన్న ఎర్ర కిటికీ ఉండేది. బొమ్మ తీశాక పక్కనున్న చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఆ కిటికీలో చూస్తూ ఉండాలి. ముందు చుక్కలొస్తాయి, తర్వాత అంకె జరుగుతూ వచ్చి నడిమికి నిలుస్తుంది. ఆ అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టేవాళ్ళం. తిప్పడం మరిస్తే ఒకదాని మీద ఒకటి పడి రెండూ పోతాయి. ఎండ లేకపోతే బొమ్మ రాదు. చెయ్యి వణికితే రాదు. అందువల్ల ఏం చేసేవాళ్ళం? చూసేవాళ్ళం. ఈ కొండ తియ్యాలా, వచ్చే కొండ తియ్యాలా అని ఇద్దరం ముగ్గురం మాట్లాడుకునేవాళ్ళం. ఎండ ఏ గట్టు మీద పడుతుందో చూసేవాళ్ళం. పన్నెండు బొమ్మల కోసం పన్నెండు గంటలు కళ్ళు విప్పుకుని కూర్చున్నాం. బొమ్మ తియ్యని చోట్లే నాకు ఎక్కువ గుర్తున్నాయి. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదాట్లో కలిసే మూల మీద ఒక ఎండిన చెట్టు, దాని కొనకొమ్మన గద్ద. తియ్యలేదు. నలభై ఏడేళ్ళ తర్వాత ఈరోజు కూడా ఆ గద్ద మెడ ఏ వైపు తిప్పి ఉందో చెప్పగలను.

సందులోకి వచ్చేముందు సరంగు గట్టిగా అరిచాడు. "ఎవరి జాగాలో వాళ్ళు కూసోండి! ఒక పక్కకు రావొద్దు!" అని. నలుగురు లేస్తేనే ఊరుకునేవాడు కాదు. ఇంజను వేగం తగ్గించాడు. అప్పుడు వినపడింది నాకు, చప్పుడు లేకపోవడమంటే ఏంటో. బాయిలో లైటు ఆర్పితే చీకటి ఎంత బరువో, ఆ సందులో నిశ్శబ్దం అంత బరువు. ఎండ పైన కొండ నెత్తి మీదే ఆగిపోయింది. నీళ్ళు నల్లగా, కదలనట్టుగా ఉన్నాయి. డిసెంబరు చలి ఒక్కసారి ఒంటికి తగిలింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, అందరి ముందూ. లాంచీలో ఒక ముసలామె దండం పెట్టుకుంది. ఆ సందులో నేను రెండు బొమ్మలు తీశాను. ఒకటే వచ్చింది.

ఆ సరంగు మాట ఎందుకు చెబుతున్నానంటే, అది మర్యాద కోసం చెప్పిన మాట కాదు. పడవ బరువు మీద నిలబడే వస్తువు. జనం పై అంతస్తులో చేరితే బరువు పైకి పోతుంది, అందరూ ఒక పక్క కమ్మీ దగ్గరికి పరుగెత్తితే అటు ఒరుగుతుంది. సరిగ్గా అదే వేళ సుడి పట్టుకుంటే సరంగు చేతిలో ఏముంటుంది? 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం అవతల కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది. గోదారి అప్పుడు వరద మీద ఉంది. నలభై మందికి పైగా పోయారు. ఆ బోటును నది అడుగు నుంచి పైకి తీయడానికి నెల దాటింది, కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం తాళ్ళు వేసి లాగి అక్టోబరు 22న బయటికి తెచ్చింది. ఆ నెలంతా ఒడ్డున కూర్చున్న కుటుంబాలను టీవీలో చూసి మా ఇంట్లో ముద్ద దిగలేదు. వరదలో బోటు వదలడం ఆ ప్రమాదానికి మూలం. కానీ ఆ తర్వాతైనా జనం నేర్చుకున్నారా? మొన్న మా బోటులో మలుపు రాగానే అందరూ ఎడమ పక్కకు పోయారు. పడవ ఒరగడం నా కాళ్ళకు తెలిసింది. నేను అరిచాను, నలభై ఏడేళ్ళ కింద విన్న మాటనే అరిచాను. పాటలో ఎవరికీ వినపడలేదు. బోటు మనిషి ఒకడు వచ్చి కొందరిని వెనక్కి పంపాడు. వాడు లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించదలుచుకోలేదు.

సముద్రం సంగతికొస్తాను.

1984లో ఎల్‌టీసీ మీద పిల్లల్ని తీసుకుని విశాఖపట్నం పోయాం. రైళ్ళు మారి, రాత్రంతా కూర్చుని, పొద్దున్నే వాల్తేరు చేరాం. మా ఆవిడ అంతకుముందు సముద్రం చూడలేదు. రామకృష్ణా బీచి దగ్గర రిక్షా దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఎంతసేపో. పిల్లలు లాగుతున్నా కదల్లేదు. దూరంగా హార్బరు పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచి ఉంది. "కొండ నీళ్ళు తాగుతున్నట్టుంది" అన్నది మా ఆవిడ. ఆ మాట నాకు ఏ ఫోటోకన్నా ఎక్కువ.

తర్వాత రోజు రుషికొండ వైపు పోయాం. రాళ్ళ మీదికి ఎక్కబోతుంటే వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పిలిచాడు. "బావూ, పది కెరటాలు సూడు. ఆనక ఎక్కు" అన్నాడు. కూర్చుని లెక్కపెట్టాం. మొదటి ఏడూ రాయి మొదట్లోనే విరిగాయి. ఎనిమిదోది రాయంతా ఎక్కి, మేం నిలబడాలనుకున్న చోటును కడిగేసి పోయింది. కెరటాలన్నీ ఒక్క ఎత్తున రావు. చిన్నవి కొన్ని, పెద్దవి కొన్ని గుంపులుగా వస్తాయి. రాయి మీద తడి ఎంత ఎత్తున ఉందో కెరటం అంత ఎత్తుకు వచ్చి పోయిందని అర్థం. పచ్చటి నాచు ఉందంటే రోజూ వస్తోందని అర్థం. ఆయన చదువుకున్నవాడు కాదు, కానీ మా బాయిలో పెద్దవాళ్ళు చెప్పినదే ఆయనా చెప్పాడు. ముందు విను, తర్వాత అడుగెయ్యి. నేను ఆయన్ని అడిగి, ఆయన సరేనన్నాకే వలతో సహా ఒక బొమ్మ తీశాను. దాని ప్రతి ఒకటి పోస్టులో పంపాను కూడా.

ఇప్పుడు అదే తీరంలో ఏం జరుగుతోంది? పేపరు తీస్తే నెలకోసారి అదే వార్త. చదువుకునే పిల్లలు, రాళ్ళ మీద నిలబడి ఫోటో తీసుకుంటూ ఉండగా అల వచ్చింది. వీళ్ళు సముద్రానికి వీపు పెట్టి ఉన్నారు. అల వస్తున్నది చూసేందుకు కళ్ళు అటు లేవు. మన దేశపు పరిశోధకులే కొందరు, ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు, ప్రపంచమంతటా వార్తలు వెతికి ఒక లెక్క తీశారు. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా సెల్ఫీలు తీసుకుంటూ 259 మంది పోయారు. అందులో సగానికి మించి మన దేశంలోనే. అన్నిటికన్నా ఎక్కువగా పోయింది నీళ్ళలో మునిగి. చాలామంది ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు. బాయిలో రాయి పడి చనిపోయినవాళ్ళను నేను మోశాను. వాళ్ళు కూటి కోసం పోయినవాళ్ళు. ఇంటి ముందు తల్లి ఏడుస్తుంటే చెప్పడానికి ఒక కారణమైనా ఉంటుంది. ఫోటో కోసం పోయిన పిల్లవాడి తల్లికి ఎవరు ఏం చెబుతారు?

విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. 1984లో మేం చూసినప్పుడు అక్కడ మేకల కాపరి తప్ప మనిషి లేడు. చూస్తే కొండల్లా, కోట గోడల్లా కనిపిస్తాయి గానీ అవి రాయి కాదు. ఇసుక. ఇనుప తుప్పు రంగు పట్టి, కొంచెం బంకతో అతుక్కుని నిలబడ్డ ఇసుక. వేల ఏళ్ళ కిందట సముద్రం వెనక్కి పోయిన కాలంలో గాలీ, నీరూ కలిసి పోసిన దిబ్బలవి, వాన కోసిన వాగులవి. దక్షిణ భారతంలో ఇలాంటివి ఇక్కడ కాక తమిళనాడు తీరంలోనే ఉన్నాయి, పక్కన శ్రీలంకలో ఉన్నాయి. వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించింది. రెండేళ్ళ కింద మళ్ళీ పోయాను. ఒక దిబ్బ గోడ మీద, నా తల ఎత్తున, మేకుతో గీసిన పేర్లు. పేరు మీద పేరు, గుండె బొమ్మ, బాణం. గీసిన ప్రతి అక్షరం కిందా ఎర్రటి పొడి రాలి చిన్న కుప్పగా పడి ఉంది. వేలితో ముట్టుకుంటే ఇంకా రాలింది. అంత మెత్తన. పైన అంచు మీద ఒక కొత్త జంట నిలబడి ఉంది, ఫోటోగ్రాఫరు కింద నుంచి "ఇంకా ముందుకు, ఇంకొంచెం ముందుకు" అంటున్నాడు. వాళ్ళ కాళ్ళకు జానెడు వెనక నేల మీద బీట. నేను పైకెక్కి ఆ పిల్లను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఆ పిల్లవాడికి కోపం వచ్చింది. బీట చూపించాను. చూశాక మాట్లాడలేదు. ఫోటోగ్రాఫరు మాత్రం పొద్దు పోతోందని విసుక్కున్నాడు. పొద్దు రేపు కూడా పొడుస్తుంది నాయనా!

పెన్నా లోయ మీద గండికోట దగ్గరా ఇదే తంతు అని, మా వాజేడు దిక్కు బొగత జలపాతం దగ్గరా ఇదేనని మనవరాలే చెప్పింది. కిన్నెరసాని దగ్గర సంగతి నాకే తెలుసు.

ఇంకో బాధ ఉంది, దాన్ని చెప్పకుండా ఉండలేను. పాపికొండల నడుమ పేరంటాలపల్లిలో బోటు ఆపుతారు. బాలానంద స్వామి కట్టించిన శివాలయం, చెట్ల నీడ, కొండ మీంచి జారే సన్నటి నీటి ధార. అక్కడ కొండరెడ్లు వెదురుతో పూలు, బుట్టలు చేసి అమ్ముకుంటారు. 1978లో మేం అక్కడ దిగినప్పుడు ఒక ఇంటి ముందు కూర్చున్న పెద్దాయనను బొమ్మ తియ్యనా అని అడిగాను. వద్దన్నాడు. సరేనని కెమెరా మూశాను. ఆయనే తర్వాత నీళ్ళిచ్చాడు. మొన్న పోయినప్పుడు వెదురు చీలుస్తున్న ఒక ఆడమనిషి చుట్టూ ఐదారుగురు ఫోనులు పట్టుకుని నిలబడ్డారు. ఆమె తల వంచుకుంది. కిందికి వంగి మరీ తీశారు. ఒకడు పది రూపాయలు ముందు పడేసి పోయాడు. పువ్వు కొనలేదు. మా మనవరాలు పోయి ఆమె పక్కన కూర్చుని నాలుగు పువ్వులు కొని, వాటి ధర అడిగి ఇచ్చి, ఫోను సంచిలోంచి తియ్యకుండానే లేచి వచ్చింది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఊళ్ళన్నీ ఎంతకాలం ఉంటాయి? 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను ఆంధ్రలో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, కూనవరం, వీఆర్ పురం, చింతూరు అటు పోయాయి. పోలవరం నిండుగా నిలిస్తే నీటిమట్టం 45.72 మీటర్లు. కొండలు పైన మిగులుతాయి, కింద గట్టు వెంబడి ఊళ్ళు మిగలవు. ఇప్పటికే చాలా ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకు పోయాయి. గోదారి వరద మాకు కొత్త కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చినప్పుడు చూశాను, 2022 జులైలో 71.3 వచ్చినప్పుడూ చూశాను. కానీ వరద వస్తుంది, పోతుంది. ఇళ్ళలో బురద ఎత్తిపోసుకుని జనం మళ్ళీ పొయ్యి వెలిగిస్తారు. ఇది అట్లా కాదు, నిలిచే నీళ్ళు. అందుకే నాకు అంత కోపం. ఈ గట్టును కళ్ళతో చూసే చివరి తరం వీళ్ళు. రోజుకు వేల ఫోటోలు తీస్తున్నారు. ఆ వేల ఫోటోల్లో గట్టు ఎక్కడుంది? మొహం నిండా మొహమే. రేపు ఒక పిల్లవాడు మా తాత ఊరు ఎట్లుండేదని అడిగితే ఏ ఫోటో చూపిస్తారు?

ఈ మాట ఊరికే అనడం లేదు. మా వీధిలో కరెంటు పనికి వచ్చే కుర్రవాడొకడు, కొండరెడ్ల పిల్లవాడు, మా ఇంట్లో గోడ మీద ఉన్న నలుపు తెలుపు బొమ్మ ముందు ఆగిపోయాడు. 1978 లాంచీ ప్రయాణంలో, వీఆర్ పురం దాటాక సరుకు దించడానికి ఆగిన రేవు అది. గట్టు, గట్టు మీద చింతచెట్టు, కొన్ని గుడిసెలు, మెట్లలా చెక్కిన మట్టి దారి. దారి మీద కుండతో ఒక ఆడమనిషి. "ఇది మా ఊరే తాతా" అన్నాడు. ఆ ఊరు ఇప్పుడు లేదు, కాలనీకి తరలించారు. ప్రతి కావాలన్నాడు, వాళ్ళ నాయనమ్మకు చూపిస్తానని.

నెగెటివు ట్రంకు పెట్టెలో ఉంది. ఫిల్ము కడిగి ప్రింటు తీసే చీకటిగది ఇప్పుడు ఊళ్ళో నాకు దొరకలేదు. మా మనవరాలే కిటికీ అద్దానికి తెల్లకాగితం అంటించి, దాని మీద నెగెటివు పెట్టి, ఫోనుతో ఫోటో తీసి, అందులోనే నలుపును తెలుపుగా మార్చింది. నాకు 1978లో కనపడని వివరాలు కూడా అందులో కనపడ్డాయి. చింతచెట్టుకు ఉయ్యాల కట్టి ఉంది. ఒక గుడిసె చూరుకు సొరకాయ వేలాడుతోంది. పెద్దగా ప్రింటు వేయించాం.

నేనే తీసుకుపోయాను. కాలనీలో ఇళ్ళన్నీ ఒక్క తీరున, ఒక్క రంగున ఉన్నాయి. ముసలామె గడప మీద కూర్చుని ఉంది. ప్రింటు ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడిచింది, దుమ్మేమీ లేకపోయినా. కుండ మోస్తున్న మనిషి పేరు చెప్పింది. గుడిసెలను ఒక్కొక్కటిగా వేలు పెట్టి లెక్కపెట్టింది. ఎవరిది, ఎవరి తర్వాత ఎవరు పోయారు, ఆ ఉయ్యాల ఎవరి బిడ్డకు కట్టారు, అన్నీ చెప్పింది. తర్వాత కుడి చివరకు వచ్చి ఆగింది. అక్కడ మా ఆవిడ నిలబడి ఉంది, లాంచీ కమ్మీ పట్టుకుని, కొత్త చీరలో. ఆమె వెనక గట్టు కనపడదు. ఆ రోజు నేనే ఆమెను అక్కడ నిలబెట్టాను.

"ఇంకొంచెం ఇటు పక్క లేదా అయ్యా?" అని అడిగింది.

లేదమ్మా, ఇంతే తీశాను అన్నాను.

ఆమె వేలు బొమ్మ అంచు దాటి, తెల్లటి చట్టం దాటి, తన చీర మీదికి జరిగింది. అక్కడ చిన్నగా గీత గీసినట్టు తిప్పింది. "మా ఇల్లు ఇక్కడుంటది" అన్నది.